డాక్స్ రాసినోళ్ళ పేర్లు ఎక్కడ పెడుతున్నారు? వికీ నుంచి గిట్‌కి మారుతున్నాం, సలహా కావాలి

చింతచిగురు
అందరికీ నమస్తే. మాదొక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, పేరు ఇక్కడ అనవసరం, చిన్న చిన్న లైబ్రరీలు పుస్తకాల లెక్క చూసుకునే సాఫ్ట్‌వేర్ అనుకోండి. కోడ్ రాసేది ఇద్దరు ముగ్గురమే గానీ యూజర్ గైడ్ మాత్రం చాలామంది చేతులు పడి తయారైంది, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ, ఇన్నేళ్ళూ ఒక మీడియావికీ (ఎవరైనా పేజీలు దిద్దగలిగే వికీ సాఫ్ట్‌వేర్) మీద నడిచింది. ఇప్పుడు ఆ సర్వర్ ఆపేస్తున్నాం. పేజీలన్నీ మార్క్‌డౌన్‌లోకి (సాదా టెక్స్ట్ ఫార్మాట్) మార్చి గిట్ రెపోలో (ప్రతి మార్పూ ఎవరు చేశారో గుర్తుపెట్టుకునే ఫైళ్ళ గోదాం) పెట్టి అక్కణ్ణుంచే సైట్ బిల్డ్ చేద్దామని.

మార్చడం పాండాక్ అనే కన్వర్టర్‌తో అయిపోయింది, అదేం పెద్ద పని కాదు. చిక్కల్లా నేను మొత్తం ఒకే కమిట్‌గా (గిట్‌లో ఒకసారి ఎక్కించే మార్పు) తోసేస్తే రేపు ఎవరు గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు రాశారో చూపే కమాండ్) కొట్టినా ప్రతి లైనుకీ నా పేరే కనబడుతుంది. అందులో నేను రాసింది పదో వంతు కూడా ఉండదు. పాతవాళ్ళలో కొందరికి యూజర్‌నేమ్ తప్ప ఇంకేం తెలీదు, మెయిల్ ఐడీలు లేవు. కొందరైతే వికీ మొహమే చూళ్ళేదు, టెలిగ్రామ్ గ్రూపులో "ఈ స్టెప్ తప్పు, ఇలా కాదు అలా" అని చెప్పేవాళ్ళు, మాలో ఎవరో ఒకరు వెళ్ళి దిద్దేవాళ్ళు. వీళ్ళందరి పేర్లూ ఎలా పెట్టాలి? లైసెన్స్ సీసీ బై-ఎస్ఏ 4.0, అంటే రాసినవాళ్ళ పేరు చెప్పి, అదే లైసెన్స్‌తో ఎవరైనా వాడుకోవచ్చు.

కెర్నల్_పానిక్
లైట్ తీసుకో బ్రో. ఒక కమిట్ కొట్టి కింద "కంట్రిబ్యూటర్లందరికీ థాంక్స్" అని రాసేయ్. యూజర్ గైడ్ తెరిచేవాడు బార్‌కోడ్ స్కానర్ ఎందుకు పనిచేయట్లేదో చూడ్డానికి వస్తాడు, ఎవరు రాశారో చూడ్డానికి కాదు.

చింతచిగురు
బ్రో కాదండీ, అక్క అనండి :) చదివేవాళ్ళు చూడరు నిజమే, రాసినవాళ్ళు చూస్తారు కదా మరి.

ఓరుగల్లు_టెర్మినల్
అక్కా, నీ ప్రాబ్లమే మొజిల్లా వాళ్ళ ఎండీఎన్‌కి (వెబ్ డెవలపర్ల డాక్స్ సైటు) గూడ వచ్చింది, చాలా పెద్దగ వచ్చింది. అది గూడ ఏండ్ల తరబడి వికీనే. 2020 డిసెంబర్‌ల మొత్తం గిట్‌హబ్‌కి (గిట్ రెపోలు పెట్టుకునే సైటు) తెచ్చిన్రు. వికీల ఉన్నప్పటి ఎడిట్లన్నిటినీ కమిట్లుగ మార్చలే, కానీ ఏ పేజీని ఎవరెవరు ముట్టుకున్నరో తీసి వికీహిస్టరీ అనే ఒక జేసాన్ ఫైల్ల పడేసిన్రు. ఇప్పటికీ ఎండీఎన్‌ల ఏ పేజీ కిందికైనా పోయి చూడు, ఫలానా తేదీన ఎండీఎన్ కంట్రిబ్యూటర్లు మార్చిన్రు అని ఉంటది, దాని మీద నొక్కితే కంట్రిబ్యూటర్స్ డాట్ టీఎక్స్‌టీ అని సాదా టెక్స్ట్ ఫైల్ తెరుచుకుంటది. పైన గిట్ కమిట్ల హిస్టరీకి లింకు, కింద "ఒరిజినల్ వికీ కంట్రిబ్యూటర్లు" అని పాత యూజర్‌నేమ్‌లు లైనుకొకటి. గంతే. అందం లేదు, ఫొటోల్లేవ్. కానీ ఒక్క పేరు గూడ గాల్లో కలవలే.

ఇంకోటి, కెర్నల్ అన్న లైట్ తీసుకో అంటున్నడు గని సీసీ బై-ఎస్ఏ అంటే పేరు పెట్టుడు మర్యాద కోసం కాదు, షరతు. గా వాక్యాలు నీ ప్రాజెక్టు సొంతం కాదు, రాసినోళ్ళవి, వాళ్ళు లైసెన్స్ ఇచ్చిన్రు గంతే.

కెర్నల్_పానిక్
షరతు సరే, కానీ ప్రతి పేజీలో పేర్లు అచ్చేయమని లైసెన్స్ ఎక్కడా అనలేదు, సందర్భానికి తగ్గట్టు ఏ పద్ధతైనా ఓకే అంటుంది, లింకు ఇచ్చినా చాలు. వికీపీడియా వ్యాసం వాడుకున్నా పేజీ లింకిస్తే సరిపోతుంది, హిస్టరీ అక్కడే ఉంది కాబట్టి. ఈ అక్క కూడా పాత వికీకి ఒక లింకు ఇచ్చేస్తే అయిపోదా?

డాక్స్_పిన్ని
అయిపోదు బాబూ. ఆవిడ మొదటి పోస్టులోనే చెప్పింది సర్వర్ ఆపేస్తున్నామని. ఆపేసిన సర్వర్‌కి లింకిచ్చి క్రెడిట్ ఇచ్చామంటే ఎలా? వికీపీడియా లింకు చెల్లుతుందంటే అటువైపు హిస్టరీ బతికి ఉంది కాబట్టి. ఇక్కడ పేర్లు ముందు ఇవతలికి తెచ్చుకోవాలి, ఆ తర్వాతే స్విచ్ ఆపాలి.

నేను టెక్నికల్ రైటర్‌ని, ఉద్యోగమూ ఇదే, ఖాళీ టైములో చేసేదీ ఇదే. నా అనుభవంలో వికీ మైగ్రేషన్‌లో పోయే పేర్లకన్నా మామూలు రోజుల్లో పోయేవే ఎక్కువ. ఎలా పోతాయో ఒకటి చెప్తాను, ప్రాజెక్టు పేరు వద్దు. ఒకాయన ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో రాసే ఫిర్యాదు) పెట్టాడు, బ్యాకప్ పేజీలో రాసినట్టు చేస్తే నా దగ్గర పని చేయట్లేదని. ఊరికే పని చేయట్లేదని వదిలెయ్యలేదు, పెన్‌డ్రైవ్ పెట్టగానే ఏ పేరుతో కనబడుతుంది, అది ప్రతిసారీ ఎందుకు మారుతుంది, రీస్టోర్ చేసేముందు పాత ఫోల్డర్ పేరు మార్చకపోతే ఏం మీద పడి చెరిగిపోతుంది, అన్నీ తొమ్మిది స్టెప్పుల్లో వరసగా రాశాడు, ఆరో స్టెప్పులో "ఇక్కడ రెండు నిమిషాలు ఏమీ కదలదు, కంగారు పడి ఆపేయకండి" అని కూడా పెట్టాడు. ఆ ఒక్క వాక్యం కోసం ఎంతమంది ఆయనకి దండం పెట్టుకోవాలో! ఒక డెవలపర్ ఆ తొమ్మిదీ కాపీ చేసి పేజీలో అతికించి కమిట్ కొట్టాడు, మెసేజ్ ఏమిటంటే "ఫిక్స్ డాక్స్". అంతే, ఆ పేజీ చరిత్రలో ఇష్యూ పెట్టినాయన లేడు. డెవలపర్‌ది దుర్బుద్ధి కాదు, గిట్ అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు.

కానీ చెప్పే చోటు గిట్‌లో ఉంది. ప్రతి కమిట్‌లో ఆథర్ వేరు, కమిటర్ వేరు. రాసింది ఒకరు, ఎక్కించింది మరొకరు అయితే కమిట్ కొట్టేటప్పుడు ఆథర్ ఆప్షన్‌లో రాసినవాళ్ళ పేరు ఇవ్వొచ్చు. అలా మెయిలింగ్ లిస్టుల్లో ప్యాచ్‌లు (మార్పుల ఫైళ్ళు) పంపుకునే పద్ధతికోసమే ఆ రెండు గడులూ పెట్టారు.

కోనసీమ_కోడర్
పిన్నిగారు చెప్పింది కరెక్టండి, దానికి తోడు కో-ఆథర్డ్-బై లైను కూడా ఉందండి. కమిట్ మెసేజ్ అయిపోయాక ఒక ఖాళీ లైను వదిలి, ఆ కింద కో-ఆథర్డ్-బై కోలన్, పేరు, యాంగిల్ బ్రాకెట్లలో మెయిల్. ఎంతమంది ఉంటే అన్ని లైన్లు. గిట్‌హబ్ దీన్ని 2018 జనవరి నుంచి గుర్తుపడుతోంది, ఇద్దరి బొమ్మలూ పక్కపక్కనే పడతాయి. ఆ మెయిల్ వాళ్ళ అకౌంటుకి కలిపింది కాకపోతే మాత్రం పేరు ఉంటుంది గానీ ప్రొఫైల్‌లో లెక్కకి రాదండి. మెయిల్ బయటపెట్టడం ఇష్టంలేనివాళ్ళకి గిట్‌హబ్ నోరిప్లై అడ్రస్ ఇస్తుంది, అది అడిగి తీసుకోండి.

చాలామంది సైన్డ్-ఆఫ్-బై ఉంది కదా, అదే క్రెడిట్ అనుకుంటారు. కాదండి. లైనక్స్ కెర్నల్ వాళ్ళు 2004లో పెట్టారది, "ఈ మార్పు పంపే హక్కు నాకుంది" అని హామీ సంతకం. క్రెడిట్ కోసం కెర్నల్‌లో వేరే లైన్లున్నాయి, రిపోర్టెడ్-బై, రివ్యూడ్-బై, టెస్టెడ్-బై, సజెస్టెడ్-బై. మన డాక్స్‌కి కూడా ఇవే వాడేసుకోవచ్చు, ఎవరూ కాదనరు. టెలిగ్రామ్‌లో తప్పు చెప్పినవాళ్ళకి రిపోర్టెడ్-బై సరిగ్గా సరిపోతుందండి.

నల్లమల_నెట్
ఏందప్పా, అందరూ కమిట్ల గురించే మాట్లాడతా ఉండారు. అనువాదాలు చేసినోళ్ళ సంగతి ఎవురూ ఎత్తరే! తెలుగు గైడ్ గూడా ఉంది అంటాండాది కదా ఆయమ్మ.

పీఓ ఫైళ్ళతో (అనువాద వాక్యాలుండే ఫైళ్ళు) పన్జేసినోళ్ళకి తెలుసు. హెడర్‌లో లాస్ట్-ట్రాన్స్‌లేటర్ అని ఒకటే లైను ఉంటాది. పేరులోనే ఉంది కదా, చివరాకరికి ముట్టుకున్నోడే. మూడువేల వాక్యాలు ఒకాయన రాత్రుళ్ళు కూచోని అనువదించినా, మర్నాడు ఇంగొకడొచ్చి ఒక్క ఫజ్జీ (ఇంగా సరిచూడాల్సిన వాక్యం) సరిచేసి సేవ్ కొడితే ఆ లైను వీడి పేరుకి మారిపోతాది. ఎడిటర్ దానంతటదే మార్చేస్తాది, వాడు అడిగింది గూడా లేదు. అందుకే పాతోళ్ళు ఫైలు మొదుట్లో కామెంట్లు రాసేవాళ్ళు, పేరు, మెయిల్, సంవత్సరం. స్వేచ్ఛ (తెలుగు ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ) వాళ్ళు, ఫెడోరా లైనక్స్ వాళ్ళు తెలుగు చేసిన కాలం ఫైళ్ళు తెరిస్తే ఇప్పటికీ పైన ఆ పేర్లు కనపడతాయి.

యూజర్‌కి కనపడాల అంటే గ్నోమ్ అనే లైనక్స్ డెస్క్‌టాప్‌లో ట్రాన్స్‌లేటర్-క్రెడిట్స్ అని ఒక స్ట్రింగు (అనువదించే మాట) ఉంటాది, దాన్ని అనువదించేది కాదు, ఆ చోట అనువాదకుల పేర్లు రాయాల. అబౌట్ బాక్సులో వస్తాయి. కొత్తగా చేరినోళ్ళు తెలీక దాన్ని "అనువాదకుల క్రెడిట్లు" అని తెలుగు చేసి పెడతారు, నవ్వుకోవాల్సిందే. కేడీఈ అనే ఇంగో డెస్క్‌టాప్‌లో ఐతే పేర్లకొకటి మెయిళ్ళకొకటి రెండు స్ట్రింగులు.

కోనసీమ_కోడర్
వెబ్‌లేట్ (బ్రౌజర్‌లో అనువాదం చేసే టూల్) వాడితే ఈ గోల కొంత తగ్గుతుందండి నల్లమల గారూ. అనువాదం ఎవరు చేస్తే కమిట్ వాళ్ళ పేరునే వెళ్తుంది. పీఓ హెడర్ కామెంట్లలో పేర్లూ సంవత్సరాలూ దానంతటదే చేర్చే యాడాన్ కూడా ఉంది, మీరన్న పాత పద్ధతే. కమిట్లు మరీ ఎక్కువైపోతున్నాయని స్క్వాష్ యాడాన్ (కమిట్లని కలిపి ఒకటి చేసేది) పెట్టేవాళ్ళు మాత్రం ట్రైలర్లు (కో-ఆథర్డ్-బై లాంటి లైన్లు) చేర్చే ఆప్షన్ ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి, లేకపోతే అందరూ కలిసి ఒకరైపోతారు.

బీటెక్_బ్యాక్‌లాగ్
అన్నలూ పిన్నీ ఒక డౌట్. పేర్లకి ఇంత ఇంపార్టెన్స్ ఇస్తే పేర్ల కోసమే వచ్చేవాళ్ళు ఎక్కువైపోరా? మా బ్యాచ్‌లో నేనే చూశా, ప్లేస్‌మెంట్ సీజన్ వస్తోందంటే చాలు "ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్" అని రెజ్యూమెలో పెట్టుకోవడానికి రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఫైలు) ఒక కామా మార్చి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండి అనే రిక్వెస్ట్) కొడతారు. నన్ను కూడా కొట్టమన్నారు, నేను కొట్టలేదు లెండి, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి.

కెర్నల్_పానిక్
హమ్మయ్య, ఒక్కడన్నా పాయింటుకొచ్చాడు. 2020 అక్టోబర్ గుర్తులేదా ఎవరికీ? డిజిటల్ ఓషన్ కంపెనీ నడిపే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ ఈవెంట్‌లో ఇచ్చే టీషర్టు కోసం రీడ్‌మీలో "అమేజింగ్ ప్రాజెక్ట్" అని చేర్చి పుల్ రిక్వెస్టులు వరదలా పంపారు, మన దేశం నుంచే బోలెడు. మెయింటైనర్లు (ప్రాజెక్టులు చూసుకునేవాళ్ళు) గొడవ పెడితే డిజిటల్ ఓషన్ వాళ్ళు నెల మొదటి వారంలోనే రూలు మార్చారు, రెపో వాళ్ళు మేం పాల్గొంటాం అని టాపిక్ పెట్టుకుంటేనే లెక్క అని. 2023లో టీషర్టులే తీసేశారు. సరే అయిపోయింది అనుకుంటే 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ జేఎస్ (జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్) రెపో మీద పడ్డారు. ఎవరో ట్యుటోరియల్ వీడియోలో ఆ రెపోని ఉదాహరణగా చూపించారట, చూసినోళ్ళంతా నిజంగానే వెళ్ళి రీడ్‌మీలో తమ పేర్లు చేరుస్తూ పుల్ రిక్వెస్టులు. పేరు అనేది బహుమతి చేస్తే జరిగేది ఇదే.

డాక్స్_పిన్ని
అది బహుమతి వల్ల వచ్చిన జబ్బు కెర్నల్, పేరు వల్ల కాదు. పనికి పేరు పెట్టడం వేరు, పేరుకోసం పని పుట్టించడం వేరు. డ్రూపల్ (వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) వాళ్ళు 2015 నుంచి ఇష్యూ క్రెడిట్లు ఇస్తున్నారు, అక్కడ కమిట్ కొట్టకపోయినా ఇష్యూలో సమీక్ష చేసినవాళ్ళకీ స్క్రీన్‌షాట్ పెట్టినవాళ్ళకీ మెయింటైనర్ టిక్ పెట్టొచ్చు. అక్కడా ఊరికే "ఇది నా దగ్గర పని చేస్తోంది" అని కామెంటు పెట్టి క్రెడిట్ అడిగేవాళ్ళు తయారయ్యారు. వాళ్ళేం క్రెడిట్ పద్ధతి ఎత్తేయలేదు. ఏ పనికి ఇస్తామో ఏ పనికి ఇవ్వమో రాసిపెట్టారు, టిక్ పెట్టేది మనిషే కాబట్టి పెట్టడం మానేశారు.

తమ్ముడూ బీటెక్, నీ డౌటుకి నా సమాధానం: కామా మార్చినవాడికి కామా అంత చోటు ఇవ్వు. నిజంగా అర్థం మారిపోయే కామా అయితే ఇంకొంచెం ఎక్కువ ఇవ్వు. పెళ్ళి చదివింపుల పుస్తకంలో పదకొండు రూపాయలు చదివించినవాళ్ళనీ రాస్తారు, ఎవరు ఎక్కువో అని వరస మార్చరు కదా.

ఓరుగల్లు_టెర్మినల్
పిన్ని చదివింపుల ముచ్చట బాగుంది గని వరస గురించి ఒక మాట. గిట్ షార్ట్‌లాగ్ కొట్టి కమిట్ల లెక్క ప్రకారం పేర్లు దింపకున్రి దయచేసి. డాక్స్‌ల అది శుద్ధ అబద్ధం చెప్తది. ఒకడు ప్రెట్టియర్ (ఫార్మాటింగ్ టూల్) నడిపి లైన్లన్నీ 80 అక్షరాలకి విరగ్గొట్టిండనుకో, బ్లేమ్‌ల వాడే మొత్తం గైడ్‌కి రచయిత. ఎంకేడాక్స్ అనే డాక్స్ సైటు కట్టే టూల్ల గిట్ ఆథర్స్ ప్లగిన్ ఉంటది, పేజీకి ఎవరిది ఎంత శాతమో చూపిస్తది, అది గూడ బ్లేమ్ మీదనే లెక్క గడ్తది. ప్రెట్టియర్ అసొంటి కమిట్లను గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ ఫైల్ల రాసిపెడితే బ్లేమ్ చూపించేటప్పుడు దాటేస్తది. గిట్‌హబ్ కంట్రిబ్యూటర్ల గ్రాఫ్ గూడ అంతే, మొదటి 100 మందినే చూపిస్తది, మిగిలినోళ్ళు ఎవ్వరికీ కనబడరు. రెపో పక్కన వికీ ట్యాబ్ ఉంటది సూడు, అండ్ల రాసింది అసలు లెక్కల్నే లేదు.

గచ్చిబౌలి_గూట్లే
నాదొక రివర్స్ కేసు. నా పేరు వద్దు అంటే ఏం చేయాలి? ఒక ప్రాజెక్టుకి ఇన్‌స్టాలేషన్ గైడ్ రాశా, అప్పుడు ఇండివిడ్యువల్‌గా రాశా, తర్వాత చేరిన కంపెనీలో బయటి పనులమీద రూల్స్ బాగా స్ట్రిక్టు, అందులో ఏముందో అర్థమయ్యేలోపు సంతకం పెట్టేశా. దానికి తోడు ఆ కమిట్ మెయిల్ ఐడీకి రిక్రూటర్లు, స్పామ్, క్రిప్టో వాళ్ళు, అబ్బో. పేరు తీసేయమని అడగొచ్చా లేక కృతఘ్నుడంటారా?

కోనసీమ_కోడర్
అడగొచ్చండి, హాయిగా అడగొచ్చు. సీసీ 4.0 లైసెన్సుల్లోనే ఉంది, రాసినవాళ్ళు కోరితే సాధ్యమైనంత మేరకు పేరు తీసేయాలి అని. అసలు పేరు కాకుండా మారుపేరు ఇస్తే మారుపేరే పెట్టాలనీ ఉంది. పేజీ మీద, కంట్రిబ్యూటర్ల ఫైల్లో తీయడం నిమిషం పని. గిట్ హిస్టరీలో తీయడం మాత్రం కష్టం, హిస్టరీ తిరగరాస్తే అందరి క్లోన్లూ (దింపుకున్న కాపీలు) విరుగుతాయి. మధ్యేమార్గంగా మెయిల్‌మ్యాప్ ఫైల్లో పాత పేరుకి కొత్త పేరు జత చేస్తే షార్ట్‌లాగ్‌లో, లాగ్‌లో కొత్తదే కనబడుతుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినవాళ్ళకీ ఇదే మందు. కానీ ఆ ఫైల్లో పాత మెయిల్ రాయక తప్పదు, కాబట్టి మీ స్పామ్ కష్టానికి అది పనికిరాదండి.

నల్లమల_నెట్
ఇంటిపేరు అంటే గుర్తొచ్చె. పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) వాళ్ళు మిస్క్ ఫోల్డర్‌లో ఏసీకేఎస్ అని ఫైలు పెట్టినారు, కోడ్‌కీ డాక్స్‌కీ సాయం చేసినోళ్ళ పేర్లు, ఇది పూర్తి జాబితా కాదు అని వాళ్ళే రాసుకున్నారు. దాంట్లో పేర్లు లాస్ట్‌నేమ్ ప్రకారం సుమారు అక్షరక్రమంలో అంట. మనోళ్ళ పేరు యాడ పెట్టేది? మనకి ఇంటిపేరు ముందు, అదీ ఒక అక్షరం, చుక్క. ఒకే మనిషి ఒక ఫైల్లో ఇనీషియల్ ముందు, ఇంగోదాంట్లో ఎనక, మూడోదాంట్లో పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తిగా ఉంటాడు, ముగ్గురనుకుంటారు. చింతచిగురక్కా, నువ్వు వాళ్ళు ఎట్ల రాసుకుంటే అట్లే పెట్టు, క్రమం కావాలంటే చేరిన వరసలో పెట్టు.

డాక్స్_పిన్ని
తెలుగులో రాసుకున్న పేర్లు తెలుగులోనే ఉంచండి. అయితే గైడ్ పీడీఎఫ్ స్ఫింక్స్ అనే డాక్స్ టూల్‌తో చేస్తుంటే లేటెక్ ఇంజిన్ (పేజీలు కూర్చి పీడీఎఫ్ చేసేది) ఎక్స్ఈలేటెక్‌కి మార్చి తెలుగు ఫాంటు ఇవ్వాలి, మామూలు పీడీఎఫ్‌లేటెక్‌తో తెలుగు రాదు. నేనొక చోట చూశాను, గైడ్ అంతా ఇంగ్లీషు కాబట్టి ఎవరూ గమనించలేదు, చివర కృతజ్ఞతల పేజీలో మాత్రం తెలుగు పేర్లున్న చోటల్లా ఖాళీ. ఆ మనుషులకే థాంక్స్ చెప్పే పేజీ అది!

పేజీ ఎలా ఉండాలంటే లిబ్రేఆఫీస్ గైడ్లు చూడండి. ప్రతి పుస్తకం ముందుపేజీల్లో కంట్రిబ్యూటర్లు రెండు భాగాలుగా ఉంటారు, ఈ ఎడిషన్‌కి పనిచేసినవాళ్ళు, అంతకు ముందు ఎడిషన్లకి పనిచేసినవాళ్ళు. మానేసినవాళ్ళ పేర్లు చెరిపేయరు, కిందికి జరుపుతారంతే. కొత్తగా చదివేవాడికి ఎవర్ని అడగాలో కూడా తెలుస్తుంది.

కెర్నల్_పానిక్
ఆ రెండు భాగాల పద్ధతికి నాకూ అభ్యంతరం లేదు, పనికొచ్చే సమాచారం. ఆల్-కంట్రిబ్యూటర్స్ బాట్ (పేర్లు చేర్చే ప్రోగ్రామ్) పెట్టి రీడ్‌మీ నిండా ఫొటోలూ, పక్కన పుస్తకం బొమ్మ, భూగోళం బొమ్మ వేస్తారే, అది మాత్రం వద్దు. ఇన్‌స్టాల్ కమాండ్ దొరకాలంటే అరమైలు స్క్రోల్ చేయాలి.

ఓరుగల్లు_టెర్మినల్
బాట్‌ని అట్ల తీసిపారెయ్యకన్నా. దాని స్పెక్‌ల (రూల్సుల) డాక్స్‌కి, అనువాదానికి, బగ్ చెప్పినోళ్ళకి, ప్రశ్నలకి జవాబిచ్చినోళ్ళకి వేరువేరు గుర్తులున్నయి, కోడ్ రాయనోళ్ళని గూడ లెక్కల్కి తేవాలన్నదే దాని ఐడియా. ఇష్యూల ఒక కామెంట్ రాస్తే బాటే పుల్ రిక్వెస్ట్ చేస్తది, మర్చిపోయే పనే లేదు. రీడ్‌మీల వద్దంటే కాన్ఫిగ్‌ల వేరే ఫైల్ పేరియ్యి, అక్కడ రాస్తది.

చింతచిగురు
అందరికీ చాలా థాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. ఇలా చేద్దామనుకుంటున్నా, తప్పుంటే చెప్పండి. గిట్-రిమోట్-మీడియావికీ అని ఒకటి దొరికింది, అది వికీ రివిజన్లని ఒక్కోటీ ఒక్కో కమిట్‌గా యూజర్‌నేమ్‌తో సహా తెస్తుంది. టెస్టుగా నాలుగైదు పేజీలు తెచ్చి చూశా, బానే వచ్చాయి. ముందు ఆ హిస్టరీ, దానిమీద మార్క్‌డౌన్‌లోకి మార్చిన కమిట్ ఒకటి, ఆ కమిట్ నంబరు బ్లేమ్ ఇగ్నోర్ ఫైల్లో. ఎవరి అసలు పేరు తెలిస్తే వాళ్ళని అడిగి మెయిల్‌మ్యాప్‌లో. ప్రతి పేజీ కింద ఎండీఎన్ లాగా ఒక లింకు, గైడ్ మొదట్లో లిబ్రేఆఫీస్ లాగా రెండు భాగాలు. టెలిగ్రామ్ వాళ్ళ కోసం గ్రూపులో వెనక్కి స్క్రోల్ చేస్తూ కూర్చున్నా, "సరిచేశాం, థాంక్స్" అని మేం రిప్లై ఇచ్చిన మెసేజ్‌లు వెతికితే ఎవరు చెప్పారో చాలావరకు దొరుకుతున్నారు. ఇకనుంచి మాత్రం పుల్ రిక్వెస్ట్ టెంప్లేట్‌లోనే "ఇది ఎవరు చెప్పారు?" అని ఒక గడి పెట్టేస్తున్నా.

డాక్స్_పిన్ని
ఆ గడి అన్నిటికన్నా మంచి పని. ఖాళీగా వదిలేస్తే మెర్జ్ చేయకండి, "ఎవరూ చెప్పలేదు, నేనే చూశాను" అన్నా సరే రాయమనండి.

గచ్చిబౌలి_గూట్లే
పక్కనే "పేరు పెట్టొచ్చా?" అని ఇంకో గడి కూడా పెట్టండి మేడమ్, నాలాంటోళ్ళకి.

చింతచిగురు
పెడతానండి.

నల్లమల_నెట్
అక్కా, ఒకటి మరిచినావు. సర్వర్ ఆపేదానికి ముందు ఫైళ్ళ అప్‌లోడ్ లాగ్ గూడా దింపి పెట్టుకో. స్క్రీన్‌షాట్లు ఏసినోళ్ళలో కొంతమంది పేజీల్లో ఒక్క అక్షరం గూడా మార్చి ఉండరు, పేజీ హిస్టరీలో వాళ్ళు రారు.